ఒలింపిక్ క్రీడలలో బాడ్మింటన్

సాయంకాలమైనంతనే ఖాళీస్థలమున రెండు గుంజలు పాతి, నడుమ వల కట్టి, బాలబాలికలు షటిల్ ఆడుచుండుట మన పల్లెలలోను పట్టణములలోను తరచుగా కానవచ్చు దృశ్యము. వల లేనిచోట త్రాడైనను చాలును. త్రాడును దొరకనిచోట నేలపై గీచిన గీతయే వల యగును. రెండు రాకెట్లు, ఒక షటిల్ ఉన్నచో ఆట సాగిపోవును. ఇంత సులభముగా ఆరంభమగు ఈ యాటయే, ప్రపంచ దేశములు కూడు ఒలింపిక్ క్రీడలలో పతకములకై ఆడు మహాక్రీడ యైనది. అయితే అచటికి చేరుటకు దానికి చాలకాలము పట్టెను. చేరిన పిదప అది యెన్నో గెలుపులను, ఎన్నో ఓటములను చూచెను. ఒకసారి తలవంపులను గూడ చూచెను. ఆ తలవంపుల నుండి మరల తల యెత్తుకొని నిలిచెను. ఆ చరిత్ర తెలిసికొనదగినది.

తెలుగునాట పెద్దలు కొందరు బాడ్మింటన్ అనగానే ఉన్ని బంతితో, జట్టునకు ఐదుగురు చొప్పున ఆడు బాల్ బాడ్మింటనును తలచుట కలదు. ఇచట చెప్పబోవునది ఆ యాట కాదు. ఇది ఈకలు గ్రుచ్చిన షటిల్‌తో ఒక్కరొక్కరుగా గాని, ఇద్దరిద్దరుగా గాని ఆడు ఆట. ఈకలబంతిని నేలపై పడనీయక ఎగురగొట్టు ఆటలు ప్రాచీన కాలమునుండియు పలు దేశములలో ఉండెను. అయినను వల కట్టి, హద్దులు గీచి, నియమబద్ధముగా ఆడుట 19వ శతాబ్దమున పూనా నగరమునందున్న ఆంగ్ల సైనికాధికారుల నడుమ వ్యాపించెను. వారు స్వదేశమునకు మరలిపోవుచు ఆటను గూడ వెంట గొనిపోయిరి. ఇంగ్లండులో బోఫోర్ట్ ప్రభువుల నివాసమైన బాడ్మింటన్ భవనము పేరే ఆ యాటకు పేరయ్యెను. 1893 లో ఇంగ్లండు బాడ్మింటన్ సంఘము స్థాపింపబడెను. 1899 లో ఆల్ ఇంగ్లండ్ పోటీలు మొదలయ్యెను. 1934 లో తొమ్మిది సంఘములు కలిసి అంతర్జాతీయ సమాఖ్యగా నేర్పడెను.

ఈ యాటకు ప్రాణము షటిల్. దానియందు 16 ఈకలుండును. దాని బరువు ఐదు గ్రాములకు అటు నిటుగా నుండును. ఇంత తేలికైన వస్తువు రాకెట్టు దెబ్బ తినిన క్షణమున బాణమువలె దూసికొనిపోవును. 2023 లో అమలాపురమునకు చెందిన సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి ఒక పరీక్షలో కొట్టిన దెబ్బ గంటకు 565 కిలోమీటర్ల వేగముతో పోయి గిన్నిస్ పుస్తకమునకెక్కెను. అయినను గాలి ఆ ఈకలను పట్టి వెనుకకు లాగుటచే షటిల్ వేగము మరుక్షణముననే తగ్గిపోవును. కావున ఈ యాటలో కేవల బలము చాలదు. చురుకైన పాదములు, నిలుకడగల చూపు, ఎదుటివాని యూహను ముందుగా పసిగట్టు బుద్ధి కావలెను. చిన్న దేశములవారు, పొట్టివారు, సామాన్య కుటుంబములవారు సైతము ఇందు అగ్రస్థానము నందుకొనగలుగుటకు ఇదియొక కారణము.

ఒలింపిక్ వేదికపై బాడ్మింటన్ తొలిసారి కానవచ్చినది 1972 లో, జర్మనీలోని మ్యూనిచ్ నగరమున. అప్పుడది పతకముల పోటీ కాదు. క్రొత్త యాటను లోకమునకు చూపుటకై యేర్పరచిన ప్రదర్శన పోటీ మాత్రమే. అదియు ఒక్కదినముతో ముగిసెను. పురుషుల పోటీలో ఇండోనేషియా వీరుడు రూడీ హార్తోనో డెన్మార్కు వాడైన స్వెండ్ ప్రిని ఓడించెను. స్త్రీలలో జపాను క్రీడాకారిణి నొరికో నకయామ గెలిచెను. హార్తోనో సామాన్యుడు కాడు. తన జీవితకాలమున ఎనిమిది పర్యాయములు ఆల్ ఇంగ్లండ్ విజేత యైనవాడు. అంతటివానికిని మ్యూనిచ్‌లో నిజమైన ఒలింపిక్ పతకము దక్కలేదు.

అటుపిమ్మట చాల యేండ్లు ఒలింపిక్ ద్వారము మూసియే యుండెను. ఆటను నడపు పెద్దలలోనే ఐకమత్యము కొరవడెను. 1978 లో కొన్ని దేశములు వేరుపడి మరియొక ప్రపంచ సమాఖ్యను నెలకొల్పుకొనెను. ఇంటిలో కలహము పెట్టుకొని పొరుగువారిని మర్యాద యడుగుట సాధ్యము కాదు. 1981 లో రెండు సమాఖ్యలు తిరిగి యొకటయ్యెను. ఆ తరువాతనే, 1985 లో, అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము బాడ్మింటనును పతకముల క్రీడగా నంగీకరించెను. ఈ నిరీక్షణ కాలమున ఎందరో మేటి యాటగాండ్ర యౌవనము గడచిపోయెను. 1980 లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన భారత వీరుడు ప్రకాశ్ పడుకొనే అట్టివారిలో నొకడు. ఆతడు ఉచ్చదశలో నున్నపుడు ఒలింపిక్ క్రీడలలో ఆ యాటయే లేదు.

1988 లో దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో మరియొక ప్రదర్శన జరిగిన మీదట, 1992 లో స్పెయిను దేశపు బార్సిలోనా నగరమున బాడ్మింటన్ పూర్తి యధికారముతో ఒలింపిక్ క్రీడలలో ప్రవేశించెను. అప్పుడు నాలుగు విభాగములుండెను: పురుషులకు ఏకల పోటీ, జంటల పోటీ, స్త్రీలకును అట్లే. స్త్రీపురుషులు కలిసి ఆడు మిశ్రమ జంటల పోటీ 1996 లో చేర్చబడెను.

బార్సిలోనాలో స్త్రీల తొలి స్వర్ణపతకము ఇండోనేషియా యువతి సుసి సుసాంతిని వరించెను. ఆమె పశ్చిమ జావాలోని తాసిక్మలాయ అను పట్టణమున 1971 లో జన్మించెను. ఇండోనేషియా 1952 నుండియు ఒలింపిక్ క్రీడలలో పాల్గొనుచుండెను. నలువది సంవత్సరములలో దానికి ఒక్క స్వర్ణపతకమైనను రాలేదు. అంతిమ పోటీలో సుసి దక్షిణ కొరియాకు చెందిన బాంగ్ సూ హ్యున్‌ను ఎదుర్కొనెను. మొదటి గేమును 5-11 తో కోల్పోయెను. దేశపు నలువదేండ్ల ఆశ తన భుజములపై నున్నదని యెరిగియు ఆమె చలింపలేదు. ఓపికతో షటిల్‌ను మరల మరల వెనుకకు పంపుచు, తరువాతి రెండు గేములను 11-5, 11-3 తో గెలిచెను. నాడే ఆమె దేశీయుడైన అలాన్ బుడికుసుమ పురుషుల స్వర్ణపతకమును గెలిచెను. ఒక్కదినమున రెండు స్వర్ణములు! కొంతకాలమునకు వారిరువురును దంపతులైరి.

పతకవేదికపై నిలిచి, తన దేశపతాక మెగయుచుండగా సుసి కన్నీరు కార్చెను. ఆ కన్నీటివెనుక మరియొక సంగతి గలదు. సుసి, అలానులు చైనా సంతతివారు. ఆ కాలమున ఇండోనేషియాలో చైనా సంతతివారు అచటనే పుట్టి పెరిగినవారైనను, తాము ఆ దేశపౌరులమని నిరూపించుటకు ఒక ప్రత్యేక పత్రమును చూపవలసి యుండెను. ఎవరిని పౌరులుగా నమ్ముటకు ఆ దేశము పత్రము నడిగెనో, వారే ఆ దేశమునకు తొలి స్వర్ణములను తెచ్చిరి.

ఆనాడు ఓడిన బాంగ్ సూ హ్యున్ కథయు మరువదగినది కాదు. ఆమె నిరుత్సాహపడక నాలుగేండ్లు సాధన చేసెను. 1996 లో అమెరికాలోని అట్లాంటా నగరమున జరిగిన క్రీడలలో సెమీ ఫైనలునందు సుసినే ఓడించి, అంతిమ పోటీలో గెలిచి స్వర్ణపతకము నందుకొనెను. అచటనే పురుషుల పోటీలో డెన్మార్కు వీరుడు పౌల్ ఎరిక్ హోయర్ లార్సన్ గెలిచి, ఆసియా దేశములకే యీ యాట సొంతము కాదని చాటెను.

గెలుపు అందకున్నను గౌరవము తరుగని వీరులు గూడ కలరు. మలేషియాకు చెందిన లీ చాంగ్ వై 2008 లో బీజింగ్‌లోను, 2012 లో లండన్‌లోను, 2016 లో రియోలోను, వరుసగా మూడు ఒలింపిక్ క్రీడలలో అంతిమ పోటీకి చేరెను. మూడింటను ఓడెను. మొదటి రెండు మారులు చైనా వీరుడు లిన్ డాన్ చేతిలోను, మూడవ మారు అదే దేశపు చెన్ లాంగ్ చేతిలోను స్వర్ణము చేజారెను. లండన్‌లో చివరి గేము 19-21. రెండు పాయింట్ల దూరమున స్వర్ణము నిలిచిపోయెను. అయినను ఆతని దేశప్రజలు ఆతనిని పరాజితునిగా తలపలేదు. ఆతడు ఓడిన ప్రతి పోటీలోను తన శక్తినంతయు ధారపోసెనని చూచినవారందరు నెరుగుదురు. ఓటమిలో సిగ్గుపడవలసినది లేదు. సిగ్గుపడవలసిన దేదో అదే లండన్ క్రీడలలో లోకమునకు తెలియవచ్చెను.

అంతకుముందు ఒలింపిక్ బాడ్మింటన్‌లో ఒక్కసారి ఓడినవారు వెంటనే నిష్క్రమించుచుండిరి. 2012 లో ఒక క్రొత్త పద్ధతి ప్రవేశపెట్టబడెను. స్త్రీల జంటల పోటీలో 16 జంటలను నాలుగు వర్గములుగా విభజించిరి. ప్రతి జంటయు తన వర్గములోని తక్కిన మూడు జంటలతో ఆడవలెను. వర్గమున మొదటి రెండు స్థానములు పొందినవారు క్వార్టర్ ఫైనలుకు చేరుదురు. ఒక్క ఓటమితోనే యింటికి మరలవలసిన దుఃస్థితి ఇందు లేదు. పద్ధతి మంచిదే. కాని అందొక లోపము దాగియుండెను. ఏ వర్గమున ఏ స్థానము పొందినవారు తరువాత ఎవరితో తలపడవలెనో ముందుగనే నిర్ణయమై యుండెను. కావున రెండు పోటీలు గెలిచి క్వార్టర్ ఫైనలు చేరిన జంటకు, మూడవ పోటీలో గెలుచుటకంటె ఓడుటయే లాభకరము కావచ్చును.

జూలై 31వ తేదీన అట్లే జరిగెను. వెంబ్లీ అరీనా ప్రేక్షకులతో నిండియుండెను. 2011 లో ప్రపంచ విజేతలైన చైనా జంట వాంగ్ షియావోలి, యు యాంగ్ ఒక ప్రక్క నిలిచిరి. దక్షిణ కొరియా జంట రెండవ ప్రక్క నిలిచెను. ఇరు జంటలును అప్పటికే క్వార్టర్ ఫైనలు చేరియుండెను. చైనాకు చెందిన మరియొక బలమైన జంట అంతకుముందు అనుకోని యోటమి పొంది తన వర్గమున రెండవ స్థానమునకు దిగెను. వాంగ్, యు గెలిచినచో, ఆ స్వదేశపు జంటతో అంతిమ పోటీకి ముందే తలపడవలసి రావచ్చును. ఓడినచో ఆ చిక్కు లేదు.

ఆట మొదలయ్యెను. సర్వీసులు వలకు తగిలి పడుచుండెను. కొట్టిన షటిల్ గీత వెలుపలికి పోవుచుండెను. ఇరుపక్షములవారును పాయింటును ఎదుటివారికి ఇచ్చుటకే పోటీపడుచున్నట్లు తోచెను. ఒక గేములో మిక్కిలి దీర్ఘమైన ర్యాలీ సైతము నాలుగు దెబ్బలకు మించలేదు. మేటి క్రీడాకారిణుల నేర్పును చూడవచ్చిన ప్రేక్షకులు మొదట ఆశ్చర్యపడిరి. పిదప బిగ్గరగా ఎగతాళి కేకలు వేసిరి. రెఫరీ స్వయముగా వచ్చి హెచ్చరించెను. కొరియా జంట గెలిచెను. కాని గెలిచినవారి ముఖములలో సంతోషము కానరాలేదు.

ఆ రాత్రియే మరియొక పోటీ జరిగెను. అందు కొరియాకు చెందిన వేరొక జంటయు, ఇండోనేషియాకు చెందిన గ్రేసియా పోలి, మెయిలియానా జౌహరి అను జంటయు పాల్గొనిరి. ఇచట గెలిచినవారు, కొద్ది సేపటి క్రిందట ఓడిన చైనా ప్రపంచ విజేతలతో వెంటనే తలపడవలెను. కావున ఈ రెండు జంటలును గెలుపును తప్పించుకొన జూచెను. మరల వలలోనికి సర్వీసులు, మరల ప్రేక్షకుల కేకలు.

మరునాడు, ఆగస్టు 1న, ప్రపంచ బాడ్మింటన్ సమాఖ్య విచారణ జరిపెను. గెలుచుటకు శక్తివంచన లేకుండ ప్రయత్నింపలేదనియు, ఆటకు అపకీర్తి కలిగించిరనియు నిర్ణయించి, ఆ నాలుగు జంటలను, అనగా ఎనిమిదిమంది క్రీడాకారిణులను, పోటీలనుండి తొలగించెను. వారిలో ఎవరును నిషిద్ధమైన మందు తినలేదు. ఎవరును ఎదుటివారిని కొట్టలేదు. సామాన్యార్థమున ఎవరును నియమమును దాటి పాయింటు గెలువలేదు. వారు చేసిన తప్పిదము ఒక్కటే: ఆడుటకు వచ్చి ఆడకుండుట.

ఇది తప్పిదమెట్లగునని అప్పుడు కొందరు వాదించిరి. స్వర్ణపతకమే గమ్యమైనపుడు, మధ్యనొక చిన్న పోటీని వదలుకొనుట యుక్తియే గాని మోసము కాదనిరి. పద్ధతిని అట్లేర్పరచిన పెద్దలదే దోషమనిరి. ఈ వాదమున కొంత సత్యము లేకపోలేదు. కాని ఆట అనునది ఇరుపక్షముల నడుమ నుండు ఒక యొప్పందము. నేను నా శక్తికొలది ఆడుదును, నీవును నీ శక్తికొలది ఆడుము అను నమ్మకముపై అది నిలిచియున్నది. ఆ నమ్మకము పోయినపుడు గీతలు, వల, పాయింట్లు అన్నియు ఉండియు ఆట యుండదు. పెద్దలు చేసిన పద్ధతిలోని లోపము పిన్నలకు ప్రలోభము కావచ్చును. అది సమాధానము మాత్రము కానేరదు.

ఆ లోపమును సమాఖ్య తెలిసికొనెను. 2016 లో బ్రెజిల్ దేశపు రియో నగరమున జరిగిన క్రీడలనాటికి నియమమును మార్చెను. జంటల పోటీలలో వర్గముల పోటీలన్నియు ముగిసిన తరువాత, రెండవ స్థానము పొందిన జంటలకు ప్రత్యర్థులను చీట్లు తీసి నిర్ణయింతురు. కావున ఓడినచో సులభమైన ప్రత్యర్థి దొరకునని ముందుగా లెక్కవేయుటకు వీలులేదు. శిక్షతోపాటు సంస్కారము గూడ జరిగెను.

ఎనిమిదిమంది వెడలిపోగా, వర్గముల దశను దాటలేకపోయిన నాలుగు జంటలకు క్వార్టర్ ఫైనలున స్థానము లభించెను. అందులోని రష్యా జంట ఆ యవకాశమును సద్వినియోగము చేసికొని కాంస్యపతకము గెలిచెను. అవే క్రీడలలో హైదరాబాదు క్రీడాకారిణి గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప జంట తన వర్గమున రెండు పోటీలు గెలిచియు, మరి రెండు జంటలతో సమానముగా నిలిచి, పాయింట్ల లెక్కలో స్వల్పమైన తేడాతో నిష్క్రమించెను. ఒకచోట పాయింట్లను పారవేసినవారు. మరియొకచోట కొద్ది పాయింట్లు చాలక కన్నీరు పెట్టుకొన్నవారు. ఒక్కొక్క పాయింటు విలువ ఎంతయో ఈ పోలికవలన తెలియును.

భారతదేశమునకు బాడ్మింటన్‌లో తొలి ఒలింపిక్ పతకము గూడ లండన్‌లోనే లభించెను. దాని వెనుక హైదరాబాదు నగరము గలదు. ప్రకాశము జిల్లాలో పుట్టిన పుల్లెల గోపీచంద్ మోకాలికి తీవ్రమైన గాయమై, శస్త్రచికిత్సలు చేయించుకొనియు, ఆట విడువలేదు. 2000 లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో ఆడి, 16 మంది మిగిలిన దశలో ఓడెను. మరుసటి యేడు ఆల్ ఇంగ్లండ్ గెలిచెను. తనకందని ఒలింపిక్ పతకమును తన శిష్యులైన అందుకొనవలెనని తలచి, హైదరాబాదులోని గచ్చిబౌలియందు శిక్షణాలయమును నెలకొల్పెను. దానికొరకు తన యిల్లు తాకట్టు పెట్టెను. ఆతనివద్ద శిక్షణ పొందిన సైనా నెహ్వాల్ 2008 లో బీజింగ్‌లో క్వార్టర్ ఫైనలు చేరి, 2012 లో కాంస్యపతకము గెలిచెను. ఆ కాంస్యపు పోటీలో ప్రత్యర్థియైన వాంగ్ షిన్ మొదటి గేము గెలిచియు, మోకాలి గాయముచే ఆట చాలించవలసి వచ్చెను.

రియోలో హైదరాబాదు యువతి పూసర్ల వెంకట సింధు అంతిమ పోటీకి చేరెను. ఆమెయు గోపీచంద్ శిష్యురాలే. స్పెయినుకు చెందిన కరోలినా మారిన్‌తో జరిగిన ఆ పోటీ ఎంతో హోరాహోరీగా సాగెను. మొదటి గేమును సింధు 21-19 తో గెలిచెను. తరువాతి రెండింటిని మారిన్ 21-12, 21-15 తో గెలిచెను. గెలిచినంతనే మారిన్ నేలపై వాలి ఆనందబాష్పములు రాల్చుచుండెను. అప్పుడు సింధు వలదాటి పోయి ఆమెను కౌగిలించుకొనెను. నేలపై పడియున్న మారిన్ రాకెట్టును తీసి ఆమె సంచి యొద్ద భద్రముగా నుంచెను. ఒలింపిక్ క్రీడలలో రజతపతకము గెలిచిన తొలి భారత మహిళగా సింధు పేరు పొందెను. ఆ రాకెట్టును ఎత్తిపెట్టుట ఏ లెక్కలోను చేరదు. కాని చూచినవారికి పతకమువలెనే గుర్తుండిపోయెను.

ఇక గ్రేసియా పోలి కథ. లండన్‌నుండి అవమానభారముతో మరలివచ్చినపుడు ఆమెకు 25 సంవత్సరములైనను నిండలేదు. ఆట విడిచిపెట్టినచో ఎవరును ఆశ్చర్యపడియుండరు. ఆమె విడువలేదు. 2016 లో మరియొక సహచరితో రియోకు పోయి, క్వార్టర్ ఫైనలులో ఓడెను. చిత్రమేమన, ఆ యోడించిన జంటలో లండన్‌లో తనతోపాటు తొలగింపబడిన యు యాంగ్ ఉండెను. పిమ్మట పోలి సహచరి గాయములవలన ఆటకు దూరమయ్యెను. వయస్సు ముప్పదికి సమీపించుచుండెను. ఆ దశలో ఆమెకు తనకంటె పదేండ్లకు పైగా చిన్నదైన అప్రియాని రహాయు అను యువతిని జతచేసిరి. రహాయు సులవేసి దీవిలోని మారుమూల ప్రాంతమునుండి వచ్చినది. పెద్దది చిన్నదానికి ఓర్పు నేర్పెను. చిన్నది పెద్దదానికి ఉత్సాహము నిచ్చెను.

మహమ్మారి కారణమున ఒక యేడు వాయిదాపడిన టోక్యో క్రీడలు 2021 లో జరిగెను. రోగభయముచే ప్రేక్షకులను రానీయలేదు. లండన్‌లో వేలమంది ఎగతాళి చేయగా విన్న పోలి, టోక్యోలో నిశ్శబ్దమైన శాలలో ఆడెను. ఆగస్టు 2న అంతిమ పోటీలో ఎదుట నిలిచినవారు చైనాకు చెందిన చెన్ చింగ్‌చెన్, జియా ఇఫాన్. ఆట జరుగుచుండగా, ఒక ర్యాలీ నడుమనే, పోలి రాకెట్టు చెడిపోయెను. ఆమె అంచునకు పరుగెత్తి సంచిలోనుండి వేరొక రాకెట్టు తీసికొని తిరిగి వచ్చునంతవరకు, రహాయు ఒక్కతెయే షటిల్ నేల తాకకుండ కాపాడెను. ఆ పాయింటును గూడ వారే గెలిచిరి. తుదకు 21-19, 21-15 తో స్వర్ణపతకము వారిదయ్యెను.

స్త్రీల జంటల పోటీలో ఇండోనేషియాకు అదియే తొలి ఒలింపిక్ స్వర్ణము. టోక్యో క్రీడలలో ఆ దేశమునకు వచ్చిన ఏకైక స్వర్ణమును అదియే. తొమ్మిది సంవత్సరముల క్రిందట గెలువకుండుటకై షటిల్‌ను వలలోనికి కొట్టిన చేయి, నేడు ఒక్క పాయింటును వదలుకొనలేక రాకెట్టు మార్చుకొని పరుగెత్తెను. తప్పు చేసినవారికి శిక్ష తగినదే. కాని శిక్షతో జీవితము ముగిసిపోదు. తప్పును దిద్దుకొనుటకు మాటలకంటె పని మేలైన మార్గమని పోలి చూపెను.

టోక్యోలోనే సింధు కాంస్యపతకము గెలిచి, రెండు ఒలింపిక్ పతకములు పొందిన తొలి భారత మహిళ యయ్యెను. సాత్విక్ సాయిరాజ్, ముంబయికి చెందిన చిరాగ్ శెట్టి జంట తైవాను జంటయైన లీ యాంగ్, వాంగ్ చీ లిన్‌ను చివరి గేమున 27-25 తో ఓడించెను. అయినను వర్గమున మూడు జంటలు సమానముగా నిలువగా, గేముల లెక్కలో మన జంట వెనుకబడి నిష్క్రమించెను. వారి చేతిలో ఓడిన తైవాను జంట స్వర్ణపతకము గెలిచెను. 2024 లో పారిస్‌లో మరల అదే పతకమును నిలబెట్టుకొనెను.

పారిస్ క్రీడలలో భారతదేశమునకు బాడ్మింటన్ పతకమేదియు రాలేదు. లక్ష్య సేన్ నాలుగవ స్థానమున నిలిచెను. అచట పతకవేదికపై జరిగిన ఒక చిన్న సంఘటన మాత్రము చిరకాలము నిలుచునట్టిది. సెమీ ఫైనలులో కరోలినా మారిన్ చైనాకు చెందిన హి బింగ్జియావ్‌పై గెలుపు దిశగా సాగుచుండగా, మోకాలు దెబ్బతిని ఏడ్చుచు వైదొలగవలసి వచ్చెను. హి అంతిమ పోటీకి చేరి, కొరియా యువతి ఆన్ సే యంగ్ చేతిలో ఓడి రజతపతకము పొందెను. పతకము నందుకొన్నపుడు ఆమె చేతిలో స్పెయిను జట్టు చిహ్నమొకటి యుండెను. గాయపడిన ప్రత్యర్థిని తలచుకొని ఆమె దానిని అందరికిని కనబడునట్లు పట్టుకొనెను. రియోలో సింధు మారిన్ రాకెట్టును ఎత్తిపెట్టినది. పారిస్‌లో హి మారిన్ దేశపు గురుతును ఎత్తిపట్టినది.

బార్సిలోనానుండి పారిస్ వరకు ఒలింపిక్ బాడ్మింటన్‌కు 32 సంవత్సరముల చరిత్ర యేర్పడెను. ఆ చరిత్రలో గెలిచినవారి పేర్లు పట్టికలలో నుండును. లీ చాంగ్ వై మూడు రజతములును అందే యుండును. లండన్‌లో తొలగింపబడిన ఎనిమిదిమంది సంగతియు చెరిగిపోదు. ఓడినవారిని లోకము గౌరవించినది. గెలువ నొల్లనివారిని లోకము సహింపలేదు. తప్పు దిద్దుకొన్నవారిని మరల ఆదరించినది.

పల్లెలో త్రాడు కట్టి ఆడుకొను పిల్లలకు అంపైరు ఉండడు, రెఫరీ ఉండడు. షటిల్ గీత లోపల పడెనా, వెలుపల పడెనా అను సంగతిని అది ఎవరి ప్రక్కన పడెనో వారే చెప్పవలెను. లోపల పడినదానిని లోపల పడినదని చెప్పి పాయింటు వదలుకొను బాలుడు, ఆ సాయంకాలము ఓడిపోవచ్చును. అయినను మరునాడు అందరును ఆతనినే ఆటకు పిలుతురు.